చేతికి వచ్చిన ఫ్యాను మీట

మీలో ఎవరైనను ఈ ప్రసంగమును పాత మీడియం వేవు రేడియోపెట్టెలో వినుచున్నచో, ఆ గదిలోని ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుమీద రెండవ అంకెలోనో మూడవ అంకెలోనో మందగమనమున తిరుగుచున్నచో, నా మాటల వెనుక ఒక గరగరధ్వని ఎడతెగక వినబడుచుండవచ్చును. అది నా కంఠదోషము కాదు, ప్రసారకేంద్రపు దోషమును కాదు. ఆ రెగ్యులేటరులో ట్రయాక్ అను చిన్న పరికరమొకటి కలదు. అది విద్యుత్తరంగమును సెకనుకు నూరుమార్లు మధ్యలో త్రుంచి ఫ్యానుకు పంపుచుండును. త్రుంచినప్పుడెల్ల పుట్టు అలజడి ఇంటి తీగల వెంబడి ప్రాకి రేడియోలోనికి చొరబడును. రెగ్యులేటరును చివరి అంకెకు త్రిప్పి చూడుడు. గరగర చాలవరకు అణగిపోవును. ఫ్యానును తిప్పుట సులభమే గాని, దాని వేగమును తగ్గించుట అంత సులభము కాదని ఈ చిన్న పరీక్షవలన తెలియును. ఇప్పుడు మన యిండ్లలో ప్రవేశించుచున్న ఫ్యాను రిమోటు ఈ చిక్కునుండియే పుట్టినదని నా అభిప్రాయము; దానిని గురించియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

నేను హైదరాబాదులోని శేరిలింగంపల్లి ప్రాంతమును దృష్టియందుంచుకొని మాటాడుచున్నాను. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి వాజపేయిగారు మాదాపురములో సైబర్ టవర్సు అను సాఫ్ట్‌వేరు సౌధమును ప్రారంభించిన నాటికి రాతిగుట్టలును, సీతాఫలపు పొదలును, చెరువులును కల ఈ పల్లెసీమ, అటుపిమ్మట పాతికేండ్లలో కొండాపురము, గచ్చిబౌలి, నల్లగండ్ల, చందానగరు, మియాపురము అను పేళ్లతో ఆకాశమునంటు అపార్టుమెంట్ల వనముగా మారినది. 2007లో మహానగరపాలక సంస్థలో లీనమైనది. ఇచ్చటి ప్రతి ఫ్లాటులోను నాలుగైదు ఫ్యానులు వ్రేలాడుచుండును. అమెరికావారి పగటికి పనిచేసి మన పగటియందు నిద్రించు యువకు లొకవైపు. కొడుకునో కూతురినో చూచిపోదమని గుంటూరునుండియో కరీంనగరునుండియో వచ్చి, మనుమల మోజులో నెలలకొలది నిలిచిపోయిన వృద్ధు లొకవైపు. మూడు మంచాలు గల హాస్టలు గదిలో ఒకే ఫ్యాను క్రింద ముగ్గురు మూడు విధములైన చలిని, ఉక్కను అనుభవించు ఉద్యోగు లొకవైపు. వీరందరికిని మంచము దిగకుండ గాలిని తగ్గించుకొనవలెనను కోరిక సహజము. తెల్లవారుజామున నాలుగు గంటలకు మోకాళ్లనొప్పుల తల్లి లేచి, చీకటిలో గోడను తడుముకొనుచు రెగ్యులేటరును వెదకుకొనుట ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును. అట్టివారి విషయములో రిమోటు విలాసవస్తువని ఎవరైన ఆక్షేపించినచో నేను ఒప్పుకొనను.

కూర్చున్నచోటునుండి గాలిని ఆజ్ఞాపించుట క్రొత్త కోరికయా అన్నచో, కాదు. కంపెనీదొరల బంగళాలలోను కచేరీలలోను పైకప్పునుండి పెద్ద గుడ్డపంకా వ్రేలాడుచుండెడిది. దాని త్రాడు గోడలోని రంధ్రముగుండ వసారాలోనికి పోయెడిది. అచ్చట ఒక బీదవాడు కూర్చుండి, కొన్నిమార్లు పరుండి కాలి బొటనవ్రేలికి త్రాడు కట్టుకొని, రాత్రియంతయు లాగుచుండెడివాడు. లోపలివాని నిద్రకొరకు వెలుపలివాడు మేలుకొనవలసి వచ్చెడిది. దూరనియంత్రణ అను మాట పుట్టకముందే ఆ ఏర్పాటు ఉండెను. అయితే దాని రెండవ కొసయందు ఒక మనుష్యుడుండెను. ఆ మనుష్యునికి విముక్తి కలిగించినది విద్యుత్తు. హైదరాబాదు సంస్థానములో విద్యుచ్ఛాఖ 1910లో ఏర్పడినది. 1920లో హుస్సేనుసాగరపు ఒడ్డున బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము వెలసినది. ఇందులో ఒక చిత్రము కలదు. నేటి సాధారణపు ఫ్యానును తిప్పు ఇండక్షన్ మోటారుకు 1888లో పేటెంటు పొందినవాడును, 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనులో నీటితొట్టిలోని చిన్న పడవను తీగ లేకుండ రేడియోతరంగములతో నడిపి చూపరులను నివ్వెరపరచినవాడును ఒక్కడే; ఆయన నికోలా టెస్లా. మోటారును, దూరపు మీటయును ఒకే మేధస్సునుండి వెలువడినను, ఆ రెండును మన పైకప్పు క్రింద కలిసికొనుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

ఏల అంత ఆలస్యమైనది? ఇండక్షన్ మోటారు స్వభావమే అందుకు ముఖ్యకారణము. మన దేశమున ఇండ్లలో సామాన్యముగా కనబడు ఫ్యాను రెక్కల విస్తారము 1200 మిల్లీమీటర్లు. అది పూర్తి వేగమున తిరుగునప్పుడు సుమారు 75 వాట్ల విద్యుత్తును వినియోగించును. దానిలో రెండు తీగచుట్లును, ఎక్కువగా రెండున్నర మైక్రోఫారడుల కెపాసిటరొకటియు ఉండును. దాని వేగము విద్యుత్తరంగముల సంఖ్యతో ముడిపడియున్నది. ఆ సంఖ్య విద్యుత్కేంద్రమునుండి వచ్చునది గనుక మన చేతిలో లేదు. కనుక మనము చేయగలిగినది దాని బలమును తగ్గించి వేగమును మందగింపజేయుట మాత్రమే. ఎద్దు నెమ్మదిగా నడువవలెనని దాని మేత తగ్గించుట వంటిది ఈ ఉపాయము. మా తరమువారు ఎరిగిన పాత రెగ్యులేటరు, ఇటుకంత బరువుగల నల్లని పెట్టె, లోపలి నిరోధపుతీగలో విద్యుత్తును వేడిగా మార్చి వృథా చేసెడిది. వేసవిలో గాలికొరకు తిప్పిన మీటయే చేతికి వెచ్చగా తగిలెడిది. దాని తరువాత వచ్చినది మన గరగరల ట్రయాక్ రెగ్యులేటరు. దానికిని తరువాత వచ్చినది కెపాసిటర్ల మెట్లు గలది. మూడింటిలో నెమ్మదియైనది, వృథా తక్కువైనది అదియే.

ఇప్పటి క్రొత్త ఫ్యానుల సంగతి వేరు. బి.ఎల్.డి.సి. అని అంగళ్లలో చెప్పు ఈ ఫ్యానులలో తిరుగు భాగమునకు శాశ్వతాయస్కాంతములు అమర్చబడియుండును; లోపలనే ఒక ఎలక్ట్రానిక్ ఫలకము ఉండి, ఇంటి కరెంటును ఏకముఖవిద్యుత్తుగా మార్చి, అయస్కాంతములు ఏ క్షణమున ఎచ్చటనున్నవో కనిపెట్టుచు, తీగచుట్లకు వంతులవారీగా విద్యుత్తునందించును. వేగము ఆ ఫలకము ఇచ్చు ఆజ్ఞననుసరించి కలుగునేగాని, వెలుపలి వోల్టేజి తగ్గుటవలన కాదు. అందుచేత గోడమీది రెగ్యులేటరు దీనికి నిష్ప్రయోజనము. నిష్ప్రయోజనము మాత్రమే కాదు, ట్రయాక్ త్రుంచి పంపిన కరెంటు ఆ ఫలకమునకు హానికరము కూడ. మరి ఆ ఫలకమునకు మన మాట చేరుట ఎట్లు? పైకప్పునకును గోడకును నడుమ ప్రత్యేకముగా మరియొక తీగ లేదు. గోడ పగులగొట్టి తీగ వేయుటకంటె గాలిలో వార్త పంపుట సులువు. రిమోటు వచ్చిన దారి ఇది. మనము సోమరులమైనందున ఫ్యానుకు రిమోటు వచ్చినదని కొందరు పెద్దలు వేళాకోళము చేయుదురు. మోటారు మారినందున మీట స్థానము మారవలసివచ్చినదని నేను వారికి మనవి చేయుచున్నాను.

దీనినిబట్టియే ఒక భ్రమను కూడ తొలగించుకొనవలసియున్నది. రిమోటు ఉన్న ఫ్యాను కరెంటు తక్కువ తీసికొనునని అంగడివారును, కొనువారును కలగలిపి చెప్పుచుందురు. ఆదా చేయునది మోటారేగాని రిమోటు కాదు. క్రొత్త మోటారు పూర్తి వేగమున కూడ ఇంచుమించు 28 మొదలు 35 వాట్లతో సరిపెట్టుకొనును. పాతది 75, క్రొత్తది 28 అనుకొని, దినమునకు పదునైదు గంటలు తిరుగునని లెక్కవేసినచో, ఒక్క ఫ్యానుమీద నెలకు 21 యూనిట్లు మిగులును. నాలుగు ఫ్యానులున్న ఇంట అది 84. బిల్లు వాడకముతోపాటు మెట్లెక్కు మన తెలంగాణములో, పై మెట్టునుండి క్రింది మెట్టుకు దిగుటకు ఈ యూనిట్లే చాలవచ్చును. అదే పాత ఫ్యానుకు రిమోటు పెట్టెను తగిలించినంత మాత్రమున ఒక్క యూనిటైనను తగ్గదు. పైగా ఆజ్ఞకొరకు ఎదురుచూచుచు ఆ పెట్టె రేయింబవళ్లు కొంచెము కరెంటును త్రాగుచునే యుండును. ముంబయి ఐ.ఐ.టి.లో చదివిన ఇద్దరు యువకులు 2012లో స్థాపించిన ఆటంబర్గు సంస్థ ఇట్టి ఫ్యానులను మన దేశమున ప్రచారములోనికి తెచ్చినవారిలో ముఖ్యమైనది. నేడు పేరుమోసిన పాత కంపెనీలన్నియు అదే బాట పట్టినవి. 2023 జనవరి 1వ తేదీనుండి పైకప్పు ఫ్యానులమీద విద్యుత్తు ఆదాను సూచించు నక్షత్రాల చీటీ తప్పనిసరియైనది గనుక, కొనునప్పుడు రిమోటును చూచుటకు ముందు ఆ చీటీని చూడుడు.

ఇక అమర్చుకొను పద్ధతి. క్రొత్త ఫ్యాను కొనుటకు ఇష్టములేక, ఉన్న ఫ్యానుకే రిమోటు కావలెననువారికి చందానగరు, లింగంపల్లి దుకాణములలోను, కోఠి దగ్గరి ట్రూపు బజారులోను రిమోటు కిట్లు దొరకును. కిట్టనగా చేతిలోని రిమోటు, వార్తనందుకొను రిసీవరు పెట్టె. కొనుటకు ముందు లోపల కెపాసిటర్ల పద్ధతియా ట్రయాక్ పద్ధతియా అని అడుగుడు. రెండవదైనచో ఫ్యాను మందముగా తిరుగునప్పుడు మూలుగు తప్పకపోవచ్చును, రేడియోకు గరగర తప్పదు. బి.ఎల్.డి.సి. ఫ్యానుకు ఈ కిట్టును ఎన్నడును తగిలింపరాదు.

రిసీవరును ఉంచుటకు రెండు తావులు కలవు. మొదటిది పైన, కొక్కెమును కప్పు గిన్నెలో. అచ్చటికి ఫేజు, న్యూట్రలు రెండు తీగలును వచ్చియుండును గనుక పని సులువు: ఆ రెంటిని రిసీవరులోనికి పంపి, రిసీవరునుండి వెలువడు రెండు తీగలను ఫ్యానుకు కలుపవలెను; బోర్డులోని రెగ్యులేటరును తీసి దాని రెండు తీగలను ఒకటిగా ముడివేసి టేపు చుట్టవలెను. గిన్నెలో ఇరుకు ఎక్కువ. తీగ యేదియైన జారి తిరుగు భాగమునకు తగిలినచో ఒరపిడికి పైతొడుగు అరిగి ప్రమాదము కలుగును. రెండవ తావు గోడబోర్డులో, రెగ్యులేటరు తీసిన ఖాళీలో. ఇచ్చట పని నిచ్చెన లేకుండ జరుగును గాని ఒక చిక్కు కలదు. రెగ్యులేటరు దగ్గరకు ఫేజు మాత్రమే వచ్చును, రిసీవరుకు న్యూట్రలు కూడ కావలెను. అదే బోర్డులో ప్లగ్గు పాయింటున్నచో దానినుండి న్యూట్రలును తీసికొనవచ్చును; లేకున్నచో పైన గిన్నెలోనే అమర్చుట మేలు. ఎచ్చటనైనను ముందుగా చేయవలసినది స్విచ్చి ఆపుట కాదు, మీటర్లపెట్టె దగ్గర ఎం.సి.బి. అను రక్షకపు మీటను దింపుట. స్విచ్చిని ఫేజుమీద గాక న్యూట్రలుమీద కలిపి విడిచిన బోర్డులు క్రొత్త భవనములలో సైతము కానవచ్చును; అట్టిచోట స్విచ్చి ఆగియున్నను తీగలో ప్రాణము నిలిచియే యుండును. ఎం.సి.బి. దించిన పిమ్మట టెస్టరుతో తాకి చూచి కాని చేయి పెట్టకుడు. క్రొత్త ఫ్యానైనచో రాడ్డు బోల్టును, అది జారకుండ పెట్టు పిన్నును, ఎర్తు తీగను మీ కన్నులతో చూచి సరియనుకొనుడు. పనివాడు తొందరలో పిన్ను వంచుట మరచినచో చెప్పుట మీ ధర్మము. రెక్కలకును కప్పునకును నడుమ అడుగెడమైనను లేనిచో ఎంత వేగమున తిరిగినను గాలి సరిగా రాదు. ఫాల్స్ సీలింగులతో ఎత్తు తగ్గిన ఫ్లాట్లలో ఈ సంగతిని మరచుచున్నారు.

నల్లగండ్లలో ఒక యింట ఈ పని జరుగుచుండగా నేను అచ్చటనుంటిని. ఎలక్ట్రీషియను సంగారెడ్డివైపు యువకుడు. ఇంటి పెద్దావిడ తెనాలినుండి వచ్చినవారు. "అమ్మా, గీ రెగ్యులేటర్ ఇగ పనికి రాదు, తీసేస్తున్న" అని అతడనెను. ఆమె వంటయింటినుండి పరుగున వచ్చి, "రెగ్యులేటరు తీసేస్తే తీసెయ్యి నాయనా, స్విచ్చి మాత్రం ముట్టుకోకు. ఆ రిమోటు పిల్లలు ఏ సోఫా కింద పడేస్తారో నాకేం తెలుసు?" అనిరి. "స్విచ్ యాడికి పోదమ్మా, ఉంటది" అని అతడు నవ్వెను. ఆమె ఇంజినీరింగు చదువలేదు గాని, నియంత్రణ అంతయు ఒకే వస్తువునందు ఉంచరాదను నియమమును ఆమెకంటె చక్కగా ఎవరును చెప్పజాలరు. గోడస్విచ్చి ఉండితీరవలెను. అయితే స్విచ్చి ఉన్నచో ఇంకొక తగవు పుట్టును. ఒకరు వెళ్లుచు అలవాటున గోడమీద ఆపి పోవుదురు. మంచముమీదివారు ఎంత నొక్కినను ఫ్యాను కదలదు. రిమోటు పాడైనదని బ్యాటరీలు మార్చుదురు, దుకాణమునకు పరుగిడుదురు. ఇంటివారు ముందే ఒక ఒడంబడిక చేసికొనుట మంచిది: ఊరికి పోవునప్పుడు గోడమీద, తక్కినప్పుడు చేతిలో.

కొనునప్పుడు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. కరెంటు పోయి వచ్చిన పిమ్మట ఫ్యాను మునుపటి వేగముతో తనంత తాను తిరుగునా, లేక మరల ఆజ్ఞకొరకు ఎదురుచూచునా? మన అపార్టుమెంట్లలో లైను పోయి జనరేటరు అందుకొనుటకు కొన్ని సెకన్లు పట్టును. లైను వచ్చినప్పుడు మరల ఒక విరామము. జ్ఞాపకశక్తి లేని రిసీవరైనచో నడిరాత్రి ప్రతిమారును ఆగిపోవును. పసిబిడ్డయున్న గదిలో, రిమోటు నొక్కలేని వృద్ధులున్న గదిలో ఇది చిన్న లోపము కాదు. ఇతర సౌకర్యములెన్ని ఉన్నను ఈ గుణము లేనిదానిని నేను కొనుమని చెప్పను.

రిమోటులు రెండు జాతులు. ఎక్కువగా దొరకునవి టీవీ రిమోటువలెనే కంటికి కనబడని పరారుణకాంతితో పనిచేయునవి. ఆ కాంతి సెకనుకు సుమారు 38 వేల మార్లు మిణుకుచు వార్తను మోయును. ఆ వేగము గుర్తుగా నుండుటవలననే దీపముల వెలుగునుండి, ఎండనుండి రిసీవరు తన వార్తను వేరుపరచుకొనగలుగుచున్నది. కాంతి గనుక గోడను దాటలేదు. రిసీవరు కన్ను బోర్డులోపలనో గిన్నెలోపలనో దాగియున్నచో పనిచేయదు. తెల్లసున్నపు గదిలో గోడలకు తగిలి మరలియైనను చేరును గాని, ముదురురంగుల గదిలో సూటిగా చూపవలెను. రెండవ జాతి రేడియోతరంగములవి. వీటికి గోడ అడ్డము కాదు. దుప్పటిలోనుండి నొక్కినను పనిచేయును. అయితే అదే గుణము దోషము కూడ: సంకేతము ఒకటే అయినచో ప్రక్కింటివారు నొక్కిన నొక్కు మీ ఫ్యానును ఆపవచ్చును. కనుక జతచేయు సౌకర్యము ఉన్నదానినే ఎన్నుకొని, అమర్చిన నాడే జతచేయించుకొనుడు. ఒకే హాలులో ఒకే కంపెనీ ఫ్యానులు రెండు పెట్టుకొన్నవారికి పరారుణపు రిమోటుతోను ఈ తంటా తప్పదు. ఒక్కదానిని నొక్కగా రెండును లొంగును. అప్పుడు రెండవదానిని గోడమీద ఆపి, మొదటిదానికి వేగము నిర్ణయించుకొని, మరల రెండవదానిని వేయుటయే ఉపాయము. తెనాలి పెద్దమ్మగారి స్విచ్చి ఇచ్చటను అక్కరకు వచ్చుచున్నది.

హాస్టలు గదుల సంగతి నేను పరిష్కరింపజాలను. ముగ్గురికి ఒక్క రిమోటు ఇచ్చినచో దానిని దిండు క్రింద దాచినవానిదే రాజ్యము. కొన్నిచోట్ల యాజమాన్యమువారే రిమోటును గోడకు మేకుకొట్టి గొలుసుతో కట్టియుంచుదురు. పాత రెగ్యులేటరునకు ఈ ఏర్పాటునకు భేదమేమో వారే చెప్పవలెను.

రిమోటు పనిచేయనప్పుడు చేయదగిన పరీక్ష యొకటి. ఫోనులోని ముందువైపు కెమెరాను తెరచి, రిమోటు కొసను దానికి చూపి మీట నొక్కుడు. మన కంటికి కనబడని పరారుణకాంతి చాల ఫోనులలో ఊదారంగు చుక్కగా మిణుకుమని కనబడును. కనబడినచో తప్పు రిమోటులో లేదు, ఫ్యానువైపు వెదకుడు. కనబడనిచో ముందు బ్యాటరీలు మార్చుడు. చలికాలమంతయు ఫ్యాను వేయనివారు బ్యాటరీలను తీసియుంచుట మేలు. లేనిచో అవి కారి లోపలి రేకులను తినివేయును. చిన్న బిళ్లబ్యాటరీతో నడచు రిమోటులున్న యిండ్లలో మూతకు స్క్రూ ఉన్నదో లేదో చూడుడు. పసివారు ఆ బిళ్లను మ్రింగినచో అది అన్నవాహికను కొద్దిగంటలలోనే కాల్చివేయగలదు, అప్పుడు వాంతి చేయించు ప్రయత్నములు మాని నేరుగా ఆసుపత్రికి కొనిపోవలెను. వృద్ధులకొరకు అమర్చునప్పుడు పదునైదు మీటలున్న రిమోటును వారి చేతికిచ్చి విడువక, వేయు మీటకు, పెంచు మీటకు, తగ్గించు మీటకు మూడు రంగుల నెయిల్ పాలిషు చుక్కలు పెట్టి, తక్కిన మీటలమీద టేపు అతికింపుడు. మంచపుకోళ్లకు ఒక త్రాటితో కట్టియుంచినచో దిండుమార్చునప్పుడు క్రిందపడి పగులదు.

ఈ ప్రాంతమున అద్దె యిండ్లవారే ఎక్కువ. పదునొకండు నెలల ఒప్పందముమీద వచ్చి, ఆఫీసు మారగానే కొండాపురమునుండి తెల్లాపురమునకు, తెల్లాపురమునుండి ఇంకొకచోటికి సామాను సర్దుకొని పోవుచుందురు. అట్టివారు కిట్టునే కాని, క్రొత్త ఫ్యానునే కాని తమ సొమ్ముతో పెట్టుకొన్నచో, దించి తీసికొనిపోవు హక్కు వారిదే. అయితే ఇంటివారి పాత ఫ్యానును, దాని రెక్కలను, తీసిన రెగ్యులేటరును ఒక సంచిలో కట్టి, ఏ గదిదో చీటీ వ్రాసి అటకమీద పెట్టియుంచుడు. బోర్డులో ముడివేసిన రెండు తీగల ఫోటోను కూడ ఫోనులో దాచుకొనుడు. ఇల్లు ఖాళీచేయునాడు అడ్వాన్సు తిరిగి యిచ్చుటకు ముందు యజమాని మొట్టమొదట చూచునది గోడమీది ఆ ఖాళీనే.